మూలుగలో మలేరియా, నా కంట్లో మడ్డి

పెథాలజీలో చేరబోయే పిల్లలు నన్ను ముందుగా అడిగేది ఒకటే. రోగులతో గోల ఉండదు కదా మేడమ్, అని. ఉండదు. ఒక స్టూలు, ఒక మైక్రోస్కోపు, నెత్తిమీద ఫ్యాను. కరెంటు పోతే కింది అద్దం తిప్పి కిటికీ వెలుతురు పట్టుకోవడం. మదనపల్లెలో ఒక ప్రైవేటు ల్యాబులో చేరి, వారానికొకసారి పుంగనూరుకు, ఇంకొకసారి కుప్పానికి బస్సులో తిరుగుతూ నా సర్వీసంతా గడిపేశాను. ఏ కుర్చీ దక్కింది, ఏది చేజారింది అన్న పురాణం ఇక్కడ విప్పను. అది మీకు పనికిరాదు, నాకూ దాని మీద మోజు లేదు.

మలేరియా గురించి రాస్తాను. మలేరియా అంటే చలిజ్వరం అని అందరికీ తెలుసు. అది ఎముక మూలుగలో చేరి, రక్తం తయారయ్యే చోటునే మొద్దుబార్చేస్తుందని చదువుకున్నవాళ్ళకు కూడా పరీక్ష రాసిన మర్నాటికి గుర్తుండదు. నాకూ గుర్తులేదు. అందువల్ల ఒక ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. పేర్లన్నీ మార్చాను. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు తల దించుకోవాలనిపిస్తుంది.

బోరు నీళ్ళు

మా ల్యాబు దేవసహాయం గారిది. ఆయన రక్తం చుక్కను గాజు పలక మీద పరిచే తీరు చూసి తీరాలి. ఒక్క లాగుడు, అంతే, పట్టుచీర అంచులా సాఫీగా వచ్చేది. నాకు పని నేర్పింది ఆయనే. ఎండీ డిగ్రీ చేత పట్టుకుని వచ్చిన నన్ను మొదట్లో మూలన కూర్చోబెట్టి స్లైడ్లు కడిగించారు. అందుకు నాకు ఇప్పటికీ కోపం లేదు.

ఆయనకు ఒక్క పట్టుదల ఉండేది. రక్తపు పూతకు రంగు పట్టించేటప్పుడు అందులో నీళ్ళు కలపాలి. ఆ నీళ్ళు శుద్ధమైనవి కావాలి. మా బోరు నీళ్ళేమో టీ గిన్నెకు తెల్లటి పెచ్చు కట్టే రకం. ఆయన వాటినే మరగబెట్టి, వడగట్టి వాడేవారు. ఈ ఊరి రక్తానికి ఈ ఊరి నీళ్ళు చాలులేమ్మా అని నవ్వేవారు. ఆ నీళ్ళతో రంగు విరిగి, స్లైడు నిండా ఊదా తిరిగిన నల్లటి రేణువులు మిగిలేవి. దాన్ని మేము మడ్డి అనేవాళ్ళం. మడ్డిని పట్టించుకోకుండా దాని వెనక ఉన్న కణాలను చూడటమే మా ల్యాబులో పనితనం. కొత్తగా చేరిన టెక్నీషియన్ ఎవరైనా వచ్చి, మేడమ్ ఈ నల్లగా ఉన్నదేమిటి అని అడిగితే, ముందు పోయి మొహం కడుక్కుని రా, అదే పోతుంది అని ఆటపట్టించేదాన్ని. నాకు అదొక గొప్ప.

పనిలో చేరినచోట ప్రతివాళ్ళకూ ఇట్లాంటి మడ్డి ఒకటి అంటుకుంటుంది. పెద్దవాళ్ళు వదిలెయ్ అన్నదాన్ని వదిలేస్తాం. కొన్నాళ్ళకు అది కంటికి కనబడటమే మానేస్తుంది. ఇందులో దేవసహాయం గారి తప్పు ఎంత, నాది ఎంత అని నేను చాలాసార్లు పంచి చూసుకున్నాను. ఎట్లా పంచినా నా వాటానే ఎక్కువ వచ్చింది.

ఈశ్వరమ్మ

తొంభైల చివర్లో, శనక్కాయ విత్తే రోజుల్లో, పుంగనూరు నుంచి ఒక ఫిజీషియన్ ఈశ్వరమ్మను మా దగ్గరకు పంపించారు. తంబళ్లపల్లె అవతల మెట్ట పల్లె వాళ్ళది. వానలు లేక, బోరు ఎండిపోయి, భార్యాభర్తలు చంటిబిడ్డను ఎత్తుకుని మంగళూరు కట్టడం పనులకు పోయారు. ఆమె అక్కడ చిక్కి సగమై, మెట్లు ఎక్కితే ఆయాసపడే స్థితిలో తిరిగి వచ్చింది. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ తగ్గాయి. ప్లీహం చేతికి తగులుతోంది. చీటీ మీద ఆ డాక్టరు బ్లడ్ కేన్సర్ అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు.

మంగళూరులో ఆమెకు తరచూ చలిజ్వరం వచ్చేదట. మేస్త్రీ ఏవో మాత్రలు ఇచ్చేవాడట. రెండు మింగి, జ్వరం తగ్గగానే మానేసి, మళ్ళీ ఇటుకలు మోసేదట. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ రోజు నేను అడగలేదు. చీటీలో లేదు కాబట్టి అడగలేదు. రక్తపు పూతలో మలేరియా ఉందా అని చూశాను. అంటే చూసినట్టు చూశాను. కనబడలేదు. అరకొర మాత్రలు మింగినవాళ్ళ రక్తంలో అది అంత సులభంగా దొరకదు.

తుంటి ఎముకలోంచి మూలుగ తీశాం. మంచం కమ్మీ పట్టుకుని పళ్ళు బిగించి పడుకుంది. బయట బిడ్డ ఏడుస్తోంది, తొందరగా కానియ్యండమ్మా అని మాత్రం అడిగింది.

స్లైడు చూశాను. ఎర్రకణాలుగా ఎదగాల్సిన పసికణాలు వికారంగా ఉన్నాయి. కొన్నిటిలో కేంద్రకం రెండుగా చీలి, మధ్య సన్నటి దారం వేలాడుతోంది. కొన్నిటికి అంచులు చిరిగిపోయాయి. చచ్చిన కణాలను మింగి శుభ్రం చేసే పెద్ద కణాలు కూడా చాలా ఉన్నాయి. వాటి నిండా రేణువులు. మడ్డి, అనుకున్నాను. దాన్ని దాటి చూడటం నాకు అలవాటు కదా, దాటి చూశాను. రక్తం తయారీ గాడి తప్పింది, తొలిదశ బ్లడ్ కేన్సర్ అనుమానం, వేలూరు వెళ్ళాలి అని రాసి సంతకం పెట్టాను. అనుమానం అన్న మాట కాగితం మీదే ఉండిపోతుంది, ఇంటికి చేరేది కేన్సర్ అన్న మాటే. ఆ సంగతి అప్పటికే నాకు తెలిసి ఉండాల్సింది.

ఈశ్వరమ్మ అత్త కిటికీ దగ్గరకు వచ్చి నిలబడింది. నేను ఇంకో స్లైడు మీద ఉన్నాను.

"పాలు తాగే బిడ్డ ఉండాదమ్మా. ఇయ్యొచ్చునా?" అని అడిగింది.

"మాన్పించండి," అన్నాను. తల ఎత్తలేదు.

రక్త కేన్సర్ పాలలోంచి బిడ్డకు పోదు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. ఆ మాట ఎందుకన్నానంటే, వద్దంటే నా మీదికి ఏమీ రాదు కాబట్టి. జాగ్రత్తగా చెప్పాను అనుకుని తర్వాతి స్లైడుకు నూనె చుక్క వేశాను.

కుప్పంలో శుభ్రమైన స్లైడు

కుప్పంలో నేను కూర్చునే గదికి కింద బ్యాటరీల షాపు. బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటర్ అక్కడే దొరికేది కాబట్టి రంగుకు దాన్నే వాడేవాళ్ళం. అక్కడ స్లైడ్లు బాగా వస్తాయని తెలుసు. ఎందుకు బాగా వస్తాయో మదనపల్లెకు వచ్చి చెబితే పెద్దాయన నొచ్చుకుంటారని నోరు మెదపలేదు. ఇది కూడా నా ఖాతాలో రాసి పెట్టుకోండి.

ఆ ఏడాదే శనక్కాయలు పీకే రోజులు మొదలయ్యాక, విడవని జ్వరంతో ఒక సెంట్రింగ్ కూలీ వచ్చాడు. కణాలు తగ్గాయి. రక్తపు పూతలో ఏమీ లేదు. టైఫాయిడేమో, మూలుగ కల్చర్‌కు పంపుదాం, పనిలో పనిగా ఒక స్లైడు కూడా చూడండి అన్నారు అక్కడి డాక్టరు. చూశాను. మింగే కణాల్లో గోధుమ రంగు రేణువులు. ఇక్కడికీ దాపురించిందా మడ్డి, అని విసుక్కున్నాను.

స్లైడును పక్కకు జరిపాను. ఖాళీ గాజు మీద ఒక్క రేణువూ లేదు. ఇంకో పక్కకు జరిపాను. అక్కడా లేదు. కణాల లోపల మాత్రమే ఉంది. నీళ్ళ మడ్డి అయితే కణాన్నీ గాజునూ ఒకే తీరుగా పాడుచేయాలి.

స్టూలు దిగి వెళ్ళి, పని యాడప్పా అని అతన్ని అడిగాను. మంగళూరు అన్నాడు, మలేరియాకు పేరుపడిన ఊరు. ఇంకో చుక్క రక్తం తీసి, ఈసారి మందంగా పూసి, ఓపికగా వెతికాను. మలేరియా దొరికింది. మలేరియా క్రిమి ఎర్రకణంలోని రక్తపు రంగును తిని వదిలిన చెత్తే ఆ గోధుమ రేణువు. రక్తంలో క్రిమి కనబడకపోయినా ఆ చెత్త మూలుగలో పేరుకుని ఉంటుంది.

తిరుగు బస్సులో నా కళ్ళ ముందు ఈశ్వరమ్మ స్లైడు తప్ప ఇంకేమీ లేదు. దిగి ఇంటికి పోకుండా నేరుగా ల్యాబుకు వెళ్ళి దాన్ని బయటికి తీశాను. గాజు నిండా మడ్డి ఉన్న మాట నిజమే. కానీ గాజు మీదిది ఊదా రంగు. మింగే కణాల లోపలిది గోధుమ రంగు. తేడా అంతే. ఆ తేడా కనిపెట్టడానికే నాకు జీతమిచ్చేది.

దేవసహాయం గారిని పిలిచి చూపించాను. చాలాసేపు చూసి, అద్దాలు తీసి చేత్తో పట్టుకున్నారు.

"నా కళ్ళే నీకూ తెచ్చిపెట్టాను కదమ్మా," అన్నారు. తర్వాత, "ఆ బిడ్డ తల్లి బతికుందా?" అని అడిగారు.

నాకు తెలియదు. వేలూరు వెళ్ళారేమో అనుకున్నానే కానీ కనుక్కోలేదు. పుంగనూరు డాక్టరు ద్వారా కబురు పెట్టాం. మర్నాటి నుంచి మా ల్యాబులో బోరు నీళ్ళు ఆగిపోయాయి.

మూలుగ మొద్దుబారడం అంటే

ఇక్కడ కాస్త పాఠం చెప్పనివ్వండి. మలేరియాలో రక్తం తగ్గేది క్రిమి ఎర్రకణాలను పగలగొట్టడం వల్లేనని అనుకుంటారు. అది సగమే. పగిలినవాటి లెక్కకూ, తగ్గిన రక్తానికీ చాలాసార్లు పొంతన కుదరదు. గాయమై రక్తం పోయిన మనిషిలో మూలుగ ఉరుకులు పరుగుల మీద కొత్త కణాలను పంపుతుంది. మలేరియాలో పంపదు. కొత్త కణాలు కావాలని మూత్రపిండాలు కబురు పంపుతూనే ఉంటాయి, మూలుగ దానికి సరిగ్గా పలకదు. క్రిమితో పోరాడటానికి ఒంట్లో పుట్టే పదార్థాలూ, పేరుకున్న ఆ గోధుమ చెత్తా దాన్ని మొద్దుబారుస్తాయి. ఇనుము ఉంటుంది, కానీ మింగే కణాల్లోనే చిక్కుకుని కొత్త కణాలకు అందదు. తయారయ్యే పసికణాలు వంకర్లు పోతాయి, చాలా భాగం మూలుగలోనే చచ్చిపోతాయి. అవి కొన్నిసార్లు అచ్చం కేన్సర్ ముందుదశలా కనబడతాయి.

కాబట్టి రక్తహీనత కనబడగానే ఇనుము సీసాలూ, బలం సూదులూ రాసి పంపే డాక్టర్లను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తాళం వేసిన వంటింటి ముందు బియ్యం మూటలు దించినట్టు ఉంటుంది. ముందు మూలుగలోంచి అప్పుడే బయటికి వచ్చిన లేత ఎర్రకణాలు ఎన్ని ఉన్నాయో చూడండి. రెటిక్ కౌంట్ అంటారే, అదే. రక్తం తక్కువగా ఉండి, అవీ తక్కువగా ఉంటే మూలుగ నిద్రపోతోందని అర్థం. ఎందుకు నిద్రపోతోందో అడగండి. మనిషిని అడగండి. ఏ ఊరు పోయొచ్చావు, చలి పెట్టిందా, ఏ మాత్రలు మింగావు అని.

రెండువేల తర్వాత డెంగీ భయం పట్టుకున్నాక ఇంకో తమాషా మొదలైంది. పుంగనూరులో ప్లేట్‌లెట్లు తగ్గిన ప్రతి జ్వరాన్నీ డెంగీ ఖాతాలో వేసి, చీకటి పడకముందే తిరుపతి బండి ఎక్కించేవారు. మలేరియాలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఒక టీచరు గారిని ఆటోలో ఎక్కిస్తుంటే నేను అడ్డం పడి చుక్క రక్తం తీసి చూపించాను. మలేరియా. ఆ రోజు అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాకు ఏ మూలా సంతోషం కలగలేదు. ఈ అడ్డం పడటమేదో ముందే చేసి ఉండాల్సిన చోటు ఒకటి ఉంది.

ఒళ్ళో పెట్టిన బిడ్డ

కబురు అందగానే ఈశ్వరమ్మను భర్త రెడ్డెప్ప తీసుకొచ్చాడు. వేలూరు పోలేదట. చుట్టాలు రక్తమిస్తే ఒకసారి ఎక్కించారట. ఇంక పోయే మనిషే కదా అని ఇంట్లోనే పడుకోబెట్టారట. మనిషి పసుపు పూసినట్టు పాలిపోయి ఉంది. మందంగా పూసిన రక్తంలో ఈసారి మలేరియా దొరికింది. క్లోరోక్విన్ పూర్తిగా ఇచ్చి, అది మళ్ళీ తిరగబెట్టకుండా ప్రైమాక్విన్ కూడా ఇవ్వాలని పుంగనూరు డాక్టరు రాశారు. కేన్సర్ కాదు అని వాళ్ళకు నేనే చెప్పాను. మొదటి రిపోర్టు ఎందుకు అట్లా వచ్చిందో చెప్పలేదు. రెడ్డెప్ప నా కాళ్ళ మీద పడబోయాడు. వెనక్కి జరిగి, పాప ఏది అని అడిగాను.

"మా వదిన దగ్గర ఉండాది మేడమ్. ఆయమ్మకే ఇచ్చేసినాం గదా," అన్నాడు.

వాళ్ళ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. చంటిబిడ్డ తల్లి బతకదని తేలితే, ఆమె కళ్ళు మూయకముందే బిడ్డను ఇంకొకరికి అప్పజెప్పాలి. తల్లే తన చేతులతో కొత్తగుడ్డలో చుట్టి, వక్కాకు పెట్టి, పెద్దల ముందు ఆ మనిషి ఒళ్ళో పెట్టాలి. ఆ రోజు నుంచి ఆమే తల్లి. ఈశ్వరమ్మ తన తోడికోడలు నరసమ్మ ఒళ్ళో పెట్టింది. నరసమ్మకు పిల్లలు లేరు. పాప అప్పుడప్పుడే మాటలు నేర్చే వయసు. తాను పోయాక వెతుక్కోకూడదని, అమ్మా అన్నప్పుడల్లా నరసమ్మ వైపు చూపించి, తనను చిన్నమ్మా అని పిలవమని ఈశ్వరమ్మే దగ్గర కూర్చుని నేర్పిందట. రెడ్డెప్ప ఇదంతా మామూలుగా చెప్పాడు. కిటికీలోంచి నేనన్న మాన్పించండి అన్న మాటే దీనికంతటికీ మొదలు అని అతనికి తోచలేదు. నాకు తోచింది.

మాత్రలు పడిన కొన్నాళ్ళకు, రెటిక్ పరీక్ష చేయాలి, పీకుడు రోజుల్లో మీరు రావద్దు, నేనే వస్తాను అని కబురు చేసి తంబళ్లపల్లె బస్సెక్కాను. పరీక్ష ఒక సాకు. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, తప్పు నాది, ఆమెది చచ్చే జబ్బే కాదు, బిడ్డను ఒళ్ళో పెట్టడమే జరగాల్సింది కాదు అని చెప్పాలని వెళ్ళాను. అప్పజెప్పిందే పొరపాటు మీద కాబట్టి పెద్దలు బిడ్డను తిరిగి ఇప్పిస్తారని నా ఆశ.

పందిరి కింద ఆడవాళ్ళు పీకిన శనక్కాయ చెట్ల నుంచి కాయలు రాలుస్తున్నారు. నరసమ్మ పాపను చంకనేసుకునే కాయలు కోస్తోంది. ఈశ్వరమ్మ పెదాలకు రంగు వచ్చింది. నాకు మంచినీళ్ళిచ్చి పశువుల కొట్టం వైపు తీసుకెళ్ళింది. ఏదో చెప్పాలని వచ్చానని పసిగట్టినట్టుంది. ముందు ఆమెకే చెప్పాను. బోరు నీళ్ళు, మడ్డి, గోధుమ రేణువులు, అన్నీ. ఎంత అర్థమైందో కానీ అడ్డు రాకుండా విన్నది.

"అయితే ఆ పొద్దు పాలిచ్చింటే బిడ్డకు ఏమీ కాకపోయుండునా?" అని అడిగింది.

"ఏమీ కాదు."

ఆమె కొట్టం గుంజకు చేయి ఆనించి నిలబడింది. నేను, పద, అందరి ముందూ చెబుతాను, నీ బిడ్డను నీకిస్తారు అన్నాను.

"వద్దు మా. అక్క ఆశపడి తీసుకోలేదు, నన్ను సూసి ఏడ్సుకుంటా తీసుకునింది. ఇప్పుడీ మాట తెలిస్తే యా పొద్దు అడుగుతానో అని నా మొగం సూసినప్పుడంతా బయపడతాది. పాప గూడా రాత్రిళ్ళు ఆయమ్మ కాడే నిద్రపోతాది. రక్తం మళ్ళా ఊరతాండాది అంటిరి గదా. పాలు ఊరవు గదా మా. ఎవురికీ సెప్పొద్దండి."

నేను వాదించబోయి ఆగిపోయాను. అందరి ముందూ ఒప్పుకుంటే నా గుండె తేలికవుతుందని కూడా నేను వచ్చాను. ఆ తేలిక కోసం ఆ ఇంట్లో ఇంకో ఆడదాన్ని నిద్రలేకుండా చేయబోయాను. ఆమెకు బిడ్డ దూరమైంది, అయినా ముందు తోడికోడలి గురించి ఆలోచించింది. నేను ఆ రోజు కూడా నా గురించే ఆలోచించాను. దానికి సిగ్గు అన్నది చాలా చిన్న మాట.

పందిరి కిందకు వచ్చి, చేసే పని చేద్దామని సంచి విప్పాను. ఈశ్వరమ్మ వేలు చాపింది. సూదితో పొడవగానే రక్తం ఎర్రగా, చిక్కగా ఉబికింది. అది చూసి పాప బెదిరి గుక్కపెట్టి ఏడ్చి, అమ్మా అంటూ నరసమ్మ మెడ వాటేసుకుంది. ఈశ్వరమ్మ రెండో చేయి చాపి పాప వీపు నిమిరింది.

"ఏడ్సొద్దులే బంగారూ," అంది. "సిన్నమ్మకేమీ కాలేదులే."

నేను చుక్కను గాజు మీద పరిచాను. అది ఆరిపోయాక కూడా తల వంచుకుని ఆ గాజును గాలిలో ఊపుతూనే ఉన్నాను.